షాపువాడు డైమండ్ అంటాడు, మోచెయ్యి వద్దంటాది: ఏ ప్యాడెల్ బ్యాట్ కొనాలన్నా?

ప్రశ్న:

అన్నా, నమస్తే. మాది ఆత్మకూరు దగ్గర పల్లె, ఉద్యోగం దుబాయ్‌లో, వయసు 34. చిన్నప్పటి నించి షటిల్ ఆడినోణ్ణి, నెల్లూరులో కాలేజీ రోజుల్లో టోర్నమెంట్లు కూడా ఆడినా. ఈడికొచ్చినాక మూడేళ్ళ నించి ప్యాడెల్ పిచ్చి పట్టింది, అదే, గాజు గోడల మధ్య ఇద్దరిద్దరు జట్టుగా ఆడే టెన్నిస్ మాదిరి ఆట. వారానికి మూడు రోజులు ఆడతా, కోర్టులో లెఫ్ట్ సైడు. క్లబ్బులో అడ్వాన్స్‌డ్ గ్రూపులో వేశారు. ఇప్పుడు వాడేది రెండేళ్ళ నాటి టియర్‌డ్రాప్, అంటే నీటిబొట్టు షేపు బ్యాట్, 360 గ్రాములు. ఈ మధ్య స్మాష్ ముందు మాదిరి పోవట్లా, ఎంత బాదినా బాల్ మధ్యలోనే చచ్చిపోతా ఉంది. మోచెయ్యి బయటి పక్క కాస్త నొప్పి. షాపులో అడిగితే "మీరు అడ్వాన్స్‌డ్ కదా సార్, ఇంక డైమండ్ షేపే, 18కె కార్బన్ చూసుకోండి" అన్నాడు. నేను మూడు అనుకున్నా: బబోలా టెక్నికల్ వైపర్, అడిడాస్ మెటల్‌బోన్, నాక్స్ ఏటీ10 18కె. ఏదైనా మన డబ్బుల్లో ముప్పై వేలకి తగ్గేట్టు లేదు. మా ఆవిడేమో ఆ డబ్బుకి ఊళ్ళో అమ్మావాళ్ళకి ఏసీ వస్తాది కదా అంటోంది. పాత బ్యాట్ కూడా ఈ మధ్య కొడితే టక్ అనకుండా ధబ్ అంటోంది, అది వేరే సంగతి. ఏది కొనమంటావు?

సమాధానం:

తమ్ముడూ, ఏసీ సంగతి నేను తేల్చలేను, అది మీ ఇంటి పంచాయితీ. నేను షార్జాలో ఉన్నప్పుడు మొదటిసారి ప్యాడెల్ బ్యాట్ సంచిలో పెట్టుకుని నెల్లూరొస్తే మా అమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి "ఇదేందిరా చిల్లుల గరిటె మాదిరుంది, తీగలన్నా వెయ్యకుండా అమ్మినాడా నీకు" అనింది, రేటు చెప్పినాక ఆ పూట అన్నం పెట్టేటప్పుడు కూడా మొహం అట్టే పెట్టుకుంది. కాబట్టి మీ ఆవిడ పక్క కూడా న్యాయం ఉందని ఒప్పుకునే మొదలుపెడతా ఉండా.

నువ్వడిగింది మూడిట్లో ఏదని. నా కన్ను మాత్రం నీ ఉత్తరంలో చివర ఊరికే రాసిన ముక్క దగ్గర ఆగిపోయింది. ధబ్ అంటోంది, అది వేరే సంగతి అన్నావే, వేరే సంగతి కాదబ్బా, ఉన్న సంగతంతా అదే. నువ్వు వారానికి మూడు రోజులు ఆడతా ఉండావు, రోజుకి గంటన్నర వేసుకున్నా, ఊరికొచ్చిన సెలవులు తీసేసినా, రెండేళ్ళకి నాలుగొందల గంటలు దాటిపోయింది ఆ బ్యాట్ మీద. ఈ బ్యాట్ల లోపల ఉండేది ఈవీఏ అనే స్పాంజి రబ్బరు, బూట్ల అడుగున కూడా వాడే సరుకు. కొత్త చెప్పులు వేసుకున్నప్పుడు ఎట్టా ఎగరేస్తాయి, ఏడాది తొక్కినాక మడమ దగ్గర ఎట్టా అణిగిపోయి పలచబడతాయి, అదే కథ ఈడ కూడా. పైన కార్బన్ నిగనిగలాడతానే ఉంటాది, పెయింట్ పోదు, లోపల మాత్రం రబ్బరు చచ్చిపోయి ఉంటాది. బాల్ లోపలికి దిగుతాది గాని బయటికి తన్నదు. అది తన్నట్లేదని నువ్వు ఇంకాస్త గట్టిగా కొడతా ఉండావు, ఇంకాస్త గట్టిగా పట్టుకుంటా ఉండావు, ఆ ఇంకాస్త అంతా పోయి మోచేతిలో కూర్చుంటా ఉంది. నువ్వు బ్యాట్‌ని మించి ఎదిగిపోయావని షాపువాడు చెప్తే వినడానికి బాగానే ఉంటాది, నేనూ ఒకప్పుడు విన్నా, కానీ నా లెక్క ప్రకారం నీ బ్యాట్ ముసలిదైపోయింది, అంతే.

నిజమా కాదా అనేది నువ్వే చూసుకోవచ్చు. బ్యాట్‌ని చెవి దగ్గర పెట్టుకుని వేలి కణుపుతో ఫ్రేమ్ చుట్టూ తట్టుకుంటా రా, కుండ కొనేటప్పుడు మన ఆడవాళ్ళు తట్టి చూస్తారే అట్టా, ఒకచోట చప్పుడు మారిందంటే ఆడ లోపల ఊడిందనో పగిలిందనో అర్థం. పిడి మీద రెండు కాళ్ళ మాదిరి చీలే చోట, తల పైన అంచులో, వెంట్రుక మందాన గీత ఏమన్నా ఉందేమో లైటు కింద పెట్టి చూడు. బొటనవేలితో నడిమధ్యలో నొక్కు, తర్వాత అంచుల దగ్గర నొక్కు, మధ్యలో మెత్తగా లోపలికి పోతా ఉంటే ఇంక దాని పని అయిపోయినట్టే. ఇంకో పని కూడా చెయ్యి, కొత్త బ్యాట్ ఉన్నోడు ఎవడన్నా ఉంటాడు కదా మీ గ్రూపులో, రెండు బ్యాట్లూ నేల మీద పరిచి ఒకే బాల్‌ని ఒకే ఎత్తు నించి వదిలి చూడు, తేడా కంటికే తెలిసిపోతాది.

సరే, కొత్తది కొనాల్సిందే అనుకుందాం, నా ఉద్దేశంలో కొనాల్సిందే. ఇప్పుడు షాపువాడి మాటలు ఒక్కొక్కటి పట్టుకుందాం. 18కె అనగానే మనోళ్ళకి బంగారం గుర్తొస్తాది, 18 క్యారెట్ కంటే 24 మేలు కదా అని, నిజంగా 24కె కార్బన్ అని కూడా బ్యాట్లు అమ్ముతారు, ఇంక మనోడు చెయ్యి చాపకుండా ఎట్టా ఉంటాడు. కానీ ఈ కె అంటే వెయ్యి అని. కార్బన్ బట్ట నేసేటప్పుడు ఒక్కో పోగులో ఎన్ని సన్నపోగులు ఉండాయనేది ఆ లెక్క, 3కె అంటే 3,000, 12కె అంటే 12,000, 18కె అంటే 18,000. మన వెంకటగిరి చీరకి నూలు కౌంటు చెప్తారే ఆ జాతి లెక్క, క్వాలిటీకి వేసే మార్కు కాదు. పోగు లావుగా ఉందా సన్నంగా ఉందా అనేది ఒక్కటే బ్యాట్ గట్టితనాన్ని తేల్చదు, ఎన్ని పొరలు వేశారు, ఏ జిగురు పోశారు, లోపల ఈవీఏ మెత్తదా గట్టిదా, అన్నీ కలిస్తేనే చేతికి తెలిసే ఆ దెబ్బ. 12కె వేసి లోపల రాయి మాదిరి రబ్బరు పెట్టిన బ్యాట్ ఉంటాది, 18కె వేసి లోపల మెత్తది పెట్టిన బ్యాట్ కూడా ఉంటాది. అందుకని ఆ నంబరు చూసి కొనడం అంటే చీర అంచు చూసి కట్టుబడి అయిదేళ్ళు వస్తాదని చెప్పడమే.

ఇంక డైమండ్. రూల్ ప్రకారం ఏ కంపెనీ అయినా బ్యాట్ పొడుగు 45.5 సెంటీమీటర్లు, వెడల్పు 26 సెంటీమీటర్లు, మందం 38 మిల్లీమీటర్లు దాటకూడదు. అంటే అందరూ ఒకే గిన్నెలో వండాల్సిందే, కాబట్టి తేడా అంతా బరువు ఎక్కడ పెట్టారు, కొడితే బాగా పలికే చోటు, స్వీట్ స్పాట్ అంటారే, అది ఎక్కడ పెట్టారు అనే దాంట్లోనే ఉంది. రౌండ్ షేపులో ఆ చోటు నడిమధ్యలో పెద్దగా ఉంటాది, బరువు చేతి దగ్గరికి ఉంటాది. డైమండ్‌లో ఆ చోటు పైకి పోతాది, చిన్నదైపోతాది, బరువు తలకెక్కుతాది. టియర్‌డ్రాప్ ఈ రెండిటికీ మధ్యలో. తల బరువు ఉంటే పైనించి దించే స్మాష్‌లో గొడ్డలి మాదిరి పని చేస్తాది, నిజమే, ఆ సుఖం నేను అబద్ధం అనను. కానీ నీ పొట్ట మీదికి వస్తే నేల పడకముందే కొట్టే వాలీకి, కాళ్ళ దగ్గర పడ్డ బాల్‌కి, గాజు గోడ తగిలి వెనక నించి వచ్చే దానికి కూడా అదే గొడ్డలి మొయ్యాలి కదా.

నా సంగతి చెప్తా. నలభై దాటినాక నాకూ ఇదే పిచ్చి లేచి ఒక డైమండ్ కొన్నా, కంపెనీ పేరు వద్దులే, బ్యాట్‌ది తప్పు కాదు నాదే. అట్టపెట్టె మీద 360 నించి 375 గ్రాములు అని రాసుండాది, నేను 360 అనే చదువుకున్నా. నెల్లూరొచ్చినప్పుడు చిన్నబజారులో తెలిసిన బంగారం కొట్లో తూకం వేయిస్తే ఒట్టి బ్యాట్ 374 తేలింది, కొట్లో ఆయన నవ్వి "తరుగు ఏమన్నా తియ్యాలా" అన్నాడు. దాని పిడి మీద చుట్టే పట్టీలు, ఓవర్‌గ్రిప్పులు, రెండు, తల మీద ప్రొటెక్టర్ టేపు, అన్నీ కలిపి 390 చిల్లర ఆడిస్తా ఉండా. మొదటి వారం స్మాష్‌లు ఫిరంగి గుండ్లే, నా పార్ట్‌నర్ కూడా అబ్బో అన్నాడు. నెలకి భుజం పట్టేసింది, రెండో నెలకి మోచెయ్యి, నాలుగు నెలలు చెంబుతో నీళ్ళు ఎత్తాలన్నా ఎడమ చెయ్యే. అందుకని నీకు చెప్పేది, షాపుకి పోయినప్పుడు తూకం వెయ్యమని అడుగు, సిగ్గు పడబాక. ఒకే మోడల్, ఒకే రంగు, రెండు పీసులు తీసి తూస్తే పది గ్రాములు తేడా రావచ్చు. తూకం ఒక్కటే సరిపోదు, బ్యాలెన్స్ కూడా చూడు, బ్యాట్‌ని అడ్డంగా ఒక పెన్సిల్ మీద నిలబెట్టి అది ఎటూ వాలకుండా ఆగిన చోటి నించి పిడి అడుగు దాకా టేపుతో కొలువు. 255, 260 మిల్లీమీటర్ల దగ్గరుంటే చేతికి తేలిగ్గా ఆడతాది, 270 దాటిందంటే తల బరువే. పిడి దగ్గర అయిదు గ్రాములు కలిపితే నీకు తెలియను కూడా తెలియదు, తల కొసన అయిదు గ్రాములు కలిపితే మూడో సెట్టులో దేవుడు కనపడతాడు.

షటిల్ నించి వచ్చినోళ్ళకి ఇది ఇంకా కష్టం, దీని గురించి ఎవురూ చెప్పరు. షటిల్ బ్యాట్ 80, 90 గ్రాములు. మనం చిన్నప్పటి నించి మణికట్టుతో విసిరి కొట్టడం నేర్చుకున్నాం, ఆఖరి క్షణంలో టక్కున తిప్పితే కాక్ ఎటు పోతాదో ఎదుటోడికి తెలియదు, ఆ గొప్ప మనది. ఇప్పుడు దానికి నాలుగింతలు బరువున్న దాన్ని అదే మణికట్టుతో అదే విసురు విసిరితే మోచేతి బయటి పక్క నరం ఏం కావాలి? ప్యాడెల్‌లో దెబ్బ భుజం, నడుం, కాళ్ళ నించి రావాలి, మణికట్టు కాస్త గట్టిగా నిలబడాలి. నువ్వు నెల్లూరు స్టేడియం షటిల్ కోర్టు అలవాటుతో లేచి చదునుగా బాదతా ఉంటావని పందెం. అట్టా బాదితే ఏమైతాదో నీకు తెలుసు, బాల్ నేల తగిలి వెనక గ్లాస్ తగిలి తీరుబడిగా తిరిగొచ్చి ఎదుటోడి బ్యాట్ మీద కూర్చుంటాది. షటిల్‌లో గట్టిగా కొడితే పాయింటు, ఈడ గట్టిగా కొడితే ఎదుటోడికి కానుక, బాల్ మూడు మీటర్ల పక్క గోడ దాటి బయటికి పోతే తప్ప. పోర్ త్రెస్ అంటారే ఆ దెబ్బ, అది పవర్ కంటే బాల్ మీద వేసే తిప్పుడు, కొట్టే ఎత్తు, నెట్‌కి నువ్వెంత దగ్గరున్నావు అనే దాని మీద ఎక్కువ ఆధారపడతాది. నెట్‌కి దూరంగా వెనక్కి పోతా పోతా కొట్టే స్మాష్‌ని ఏ డైమండూ బయటికి పంపదు, అప్పుడు కొట్టాల్సింది బందేహా, అంటే తల పైన కోత వేసి పక్క గ్లాస్ మూలకి పంపి మళ్ళీ నెట్ దగ్గరికి పోవడమే.

ఒక పని చెయ్యి. నీ మ్యాచ్ ఒకటి ఫోన్‌లో తీయించు, ఇంట్లో కూర్చుని లెక్క పెట్టు, స్మాష్‌తో పాయింటు వచ్చింది ఎన్నిసార్లు, బ్యాక్‌హ్యాండ్ వాలీ నెట్‌లో పడింది ఎన్నిసార్లు, లాబ్, అంటే ఎదుటోళ్ళ తల మీదుగా ఎత్తుగా లేపే బాల్, పొట్టిగా పడి చావుదెబ్బ తిన్నది ఎన్నిసార్లు. నేను లెక్క పెట్టుకున్నప్పుడు నా మొహం మాడిపోయింది, ఇంక ఆ లెక్క ఈడ రాయను.

నీ మూడు బ్యాట్ల దగ్గరికి వస్తా. వైపర్ స్పెయిన్ ప్యాడెల్ ఆటగాడు హువాన్ లెబ్రోన్ చేతిలో పేరొచ్చిన బ్యాట్, డైమండ్, తల బరువు, గట్టి దెబ్బ. సరిగ్గా తగిలితే దాని అంత సుఖం లేదు, రెండంగుళాలు కింద తగిలితే చెక్క పట్టుకుని కొట్టినట్టు చేతికి జలదరింపు వస్తాది. వారానికి అయిదు రోజులు ఆడుతూ, జిమ్ చేస్తూ, అలసిపోయినాక కూడా అదే చోట బాల్ తగిలించగల పాతికేళ్ళ కుర్రోడు అడిగితే తీసుకో అంటా. నొప్పి మోచేతితో 34 ఏళ్ళ ఉద్యోగస్తుడు అడిగితే వద్దు అంటా. ఇందులో నాకు మొహమాటం లేదు.

మెటల్‌బోన్ ఇంకో స్పెయిన్ ఆటగాడు గాలాన్ పేరు మీద వచ్చింది, అదీ డైమండే, కానీ దాంట్లో ఒక మంచి తెలివి ఉంది, చిన్న స్క్రూలు విప్పి బరువు బిళ్ళలు మార్చుకునే ఏర్పాటు. తేలిక బిళ్ళలు వేసి ఆడి, కాలం గడిచేకొద్దీ బరువు పెంచుకోవచ్చు. ఐడియా నాకు నచ్చుద్ది, కానీ నేను చూసినంతలో కొన్న మొదటి రోజు అన్నీ వేసి చూసి తర్వాత ఆ చిన్న స్క్రూడ్రైవర్ యాడ పడేశారో తెలియనోళ్ళే ఎక్కువ. ఇంకోటి, బిళ్ళలు మార్చితే బరువు మారతాది గాని స్వీట్ స్పాట్ కిందికి దిగదు, షేపు షేపే.

ఏటీ10 అనేది తాపియా బ్యాట్. ఈడ కాస్త ఆగి ఆలోచించు. అగస్తీన్ తాపియా, ఆర్తురో కోయెల్లో 2023లో జత కట్టి ప్రపంచంలో నంబర్ వన్ జోడీ అయినారు. కోయెల్లో ఎడమచేతి వాటం, 1.90 మీటర్ల మనిషి, ఆయన సంగతి వదిలెయ్, ఆ ఎత్తు నించి చీపురుకట్టతో కొట్టినా బాల్ బయటికే పోతాది. కానీ లెఫ్ట్ సైడు ఆడే తాపియా, గాల్లో ఎగిరి చిత్రవిచిత్రాలు చేసే మనిషి, ఆడేది టియర్‌డ్రాప్. అడ్వాన్స్‌డ్ అంటే డైమండే అన్న మీ షాపువాణ్ణి ఈ ఒక్క ముక్క అడుగు, ఏం చెప్తాడో నాకు రాయి. ప్రోల బ్యాట్లు బరువూ గ్రిప్పూ వాళ్ళ చేతికి తగ్గట్టు మార్చుకుని ఉంటాయి, మనం కొనేది అచ్చంగా అదే అనుకోబాక, కానీ షేపు మాత్రం అదే. అందుకని మూడిట్లో ఒకటి అంటే నా ఓటు ఏటీ10కి, 18కె అని రాసినందుకు కాదు, టియర్‌డ్రాప్ అయినందుకు, నీ చెయ్యి రెండేళ్ళుగా అలవాటు పడింది ఆ షేపుకే అయినందుకు. 365 లోపు పీసు దొరికితేనే తీసుకో, బరువైనది ఇస్తే ఇంకో పెట్టె తెరవమని అడుగు.

ఇంక వాతావరణం, దీన్ని మనోళ్ళు పట్టించుకోరు. ఈవీఏ ఎండకి మెత్తబడతాది, చలికి గట్టిపడతాది. ఐరోపాలో చలికాలం ఆడినోడు ఈ బ్యాట్ రాయిరా బాబూ అని చెప్తే అదే బ్యాట్ మన రోహిణి కార్తెలో ఆడితే ఇడ్లీ మాదిరుంటాది. నువ్వు దుబాయ్‌లో వేసవంతా ఏసీ కోర్టులో ఆడతావు, చలికాలం రాత్రిళ్ళు బయట ఆడతావు, అంటే నీ బ్యాట్ ఏడాది పొడుగునా కాస్త గట్టి పక్కే ఉంటాది. అందుకని హార్డ్ అని రాసినవి నీకు ఇంకా హార్డ్, మీడియం అన్నది తీసుకో. నాకు మాదిరి నెల్లూరులో ఉంటా నెలకి రెండుసార్లు మద్రాసు పోయి బయటి కోర్టులో ఉక్కలో చెమటలు కార్చుకుంటా ఆడేవాడైతే లెక్క వేరే, బాల్ కూడా వేడికి ఎగిరిపోతా ఉంటాది, కాస్త గట్టి బ్యాటే చెప్పినమాట వింటాది. ఎండలో కారులో మాత్రం వదలబాక. నేనొకసారి మే నెలలో స్టేషన్ దగ్గర కారు డిక్కీలో పెట్టి రైలెక్కి సాయంత్రం దాకా వదిలేశా, తర్వాత తీసి కొడితే ఒక పక్క టక్, ఒక పక్క ధబ్, లోపల జిగురు వదిలేసినట్టుంది. వారంటీ అడిగితే ఎండ దెబ్బకి వారంటీ లేదన్నారు, ఎందుకిస్తారులే.

కొనేముందు ఆడి చూడాలి, ఇది మాత్రం దాటేయబాక. మన ఒంగోలు పక్క ఎద్దుల్ని కొనేవాళ్ళని చూసుంటావు, కొమ్ములూ మూపురం చూసి ముచ్చటపడతారు గాని డబ్బులు లెక్క పెట్టేముందు నడిపించి చూస్తారు, వీలైతే బండ కట్టి చూస్తారు. బ్యాట్ కూడా అంతే. మీ దుబాయ్ క్లబ్బుల్లో టెస్ట్ బ్యాట్లు అద్దెకిస్తారు, లేకపోతే గ్రూపులో ఎవడి దగ్గరన్నా ఉంటాది. ఒక్క గంట ఆడి తేల్చబాక, కొత్త బ్యాట్ చేతికొస్తే మొదటి పావుగంట అందరికీ బ్రహ్మాండంగానే ఉంటాది, అది కొత్త పెళ్ళికొడుకు హుషారు. పైగా పెట్టె విప్పిన కొత్త బ్యాట్ కొన్ని గంటలు ఆడినాక గాని రబ్బరు సర్దుకోదు. మూడు రోజులు ఆడు, అదే పార్ట్‌నర్‌తో, ఒకే రకం బాల్స్‌తో, నీ పాత బ్యాట్ కూడా పక్కన పెట్టుకుని. స్మాష్ ఆఖర్న చూడు. ముందు నెట్ దగ్గర నిలబడి ఎదుటోణ్ణి నీ బ్యాక్‌హ్యాండ్ మీదికి గట్టిగా కొట్టమను, బ్యాట్ సమయానికి ముందుకొస్తా ఉందా లేక ప్రతిసారీ అరక్షణం ఆలస్యమా అనేది తెలిసిపోతాది. తర్వాత వెనక గ్లాస్ తగిలి కిందికి జారే బాల్‌ని లాబ్ చెయ్యి, ఇరవై లాబులు కొడితే ఎన్ని వెనక గోడకి దగ్గరగా పడ్డాయో చూడు. బందేహాలు ఇరవై. అప్పుడు మ్యాచ్ ఆడు, మూడో సెట్టులో నాలుగు నాలుగు అయినప్పుడు, చొక్కా పిండితే నీళ్ళు కారేటప్పుడు, అప్పుడు కొట్టే వాలీ ఎట్టా ఉందో దాన్ని బట్టి తేల్చు. ముప్పై వేలు పెట్టేది ఆ అరగంట కోసమే, మొదటి అరగంట ఏ బ్యాటైనా ఆడతాది. మరుసటి రోజు పొద్దున లేచి పళ్ళు తోముకునేటప్పుడు మోచెయ్యి ఏమంటాదో అది కూడా రాసుకో.

ఒకటి చెప్తా, చప్పుడుకి మోసపోబాక. గట్టి కార్బన్ బ్యాట్ టప్పున పేలినట్టు మోగుతాది, ఆ మోత వింటే బాల్ ఇంకా వేగంగా పోయినట్టు మనసుకి అనిపిస్తాది. మెత్త బ్యాట్ మెల్లగా మోగుతాది కాబట్టి నీరసంగా ఉందనుకుంటాం. మెల్లగా ఊపినప్పుడు మెత్త బ్యాటే బాల్‌ని బాగా తన్నుద్ది, గట్టిది నువ్వు పూర్తిగా ఊపితేనే పలుకుద్ది. వెనక ఇరుక్కుపోయి చెయ్యి చాపి బతికించుకునే బాల్స్‌కి ఊపడానికి చోటు యాడుంటాది?

గరుకు గురించి కూడా రెండు ముక్కలు. పైన ఇసుక చల్లినట్టు గరుగ్గా ఉంటాది, స్పిన్ బాగా పడుద్దని దానికి ఎక్కువ రేటు చెప్తారు. అది కొన్ని నెలలకి అరిగి నున్నగా అయిపోతాది, ముఖ్యంగా నువ్వు కొట్టే నడిమి చోట. దాని కోసం డబ్బులు ఎక్కువ పెట్టబాక. అంతకంటే పోయిన ఏడాది మోడల్ అడుగు, ప్రతి ఏడాదీ రంగు మార్చి కొత్త పేరు తగిలిస్తారు, కొత్తది రాగానే పాతది రేటు బాగా తగ్గుద్ది, లోపల సరుకు పెద్దగా మారి ఉండదు. ఏసీకి కాకపోయినా మీ ఇంట్లో ఒక మంచి మిక్సీకి సరిపడా మిగులుద్ది. మరీ సగం రేటుకి, మూడో వంతు రేటుకి ఆన్‌లైన్‌లో ఎవడన్నా మెసేజ్ పెడితే మాత్రం వద్దు, నకిలీలు బాగా తిరగతా ఉండాయి, నేను ఒకటి అట్టా కొని రెండు నెలలకి తల దగ్గర రెండుగా చీలితే అమ్మినోడి నంబరు కూడా పలకలా.

మోచెయ్యి మాట. కొత్త బ్యాట్ కొన్నాక నొప్పి అదే పోతాదిలే అనుకోబాక. రెండు మూడు వారాలు స్మాష్‌లు ఆపు, నొప్పి ఎక్కువుంటే ఆటే ఆపి ఫిజియోకి చూపించు, ముంజేతి కండకి వాళ్ళు చిన్న బరువులతో నేర్పే కసరత్తు రోజూ చెయ్యి, విసుగ్గానే ఉంటాది. గ్రిప్పు మందం చూసుకో, ప్యాడెల్ బ్యాట్లు చాలావరకు సన్న పిడితో వస్తాయి, పెద్ద చెయ్యి ఉన్నోడు సన్నది పట్టుకుంటే జారకుండా ఉండేదానికి తెలియకుండానే పిడికిలి బిగిస్తాడు. పట్టుకున్నప్పుడు వేళ్ళ కొసలకీ అరచేతికీ మధ్య రెండో చేతి చూపుడువేలు దూరేంత సందుండాలి. సందు లేకుండా గోళ్ళు అరచేతిలో గుచ్చుకుంటా ఉంటే ఇంకో ఓవర్‌గ్రిప్ చుట్టు. పైగా పిడి మీద బరువు చేరితే బ్యాలెన్స్ కూడా కాస్త చేతి వైపుకి జరుగుద్ది, మీకు ఆ తేనెతుట్టె గళ్ళ రబ్బరు గ్రిప్పులు కూడా దొరుకుతాయి, హెసాకోర్ అని, వేసుకుని చూడు, కొంతమందికి బాగా కుదిరింది, నాకు కుదరలా. ఓవర్‌గ్రిప్ మాత్రం చెమట పట్టినప్పుడల్లా మార్చు, నెలరోజులు అదే గ్రిప్పుతో ఆడి ముప్పై వేల బ్యాట్ జారుతోంది అనేవాళ్ళని చూశా. మణికట్టు తాడు వేసుకోవడం మరవబాక, అది రూలు కూడా, పోయినసారి తాడు వేసుకోకుండా ఆడిన ఒకాయన బ్యాట్ జారి ఎగిరి వచ్చి నా ముక్కు పక్క నించి పోయింది.

సంక్రాంతికి ఊరికొస్తావు కదా, కొత్తది కొన్నా సరే పాతది పారెయ్యబాక, సంచిలో వేసుకుని రా. నెల్లూరులో దిగినాక ఫోన్ చెయ్యి, చిన్నబజారులో ఆ బంగారం కొట్టాయన దగ్గర రెండూ తూకం వేయిద్దాం, ఆ ధబ్ యాడ నించి వస్తోందో కూడా తట్టి చూద్దాం.